ఇంటిపేరు చూసి అప్పగించే పని

టెక్సస్ దక్షిణపు కొనన, రియో గ్రాండ్ నది దగ్గరున్న నాలుగు కౌంటీలను ఇక్కడివాళ్లు వ్యాలీ అంటారు. 13 లక్షలకు పైగా జనం, పదిమందిలో తొమ్మిదిమంది హిస్పానిక్‌లు. నది దాటితే మెక్సికో. ఉత్తరానికి వెళ్లబోతే సరిహద్దు నుంచి సుమారు 70 మైళ్ల దూరాన, ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు. కాగితాలు లేనివాళ్లకు వెనక నది, ముందు చెక్‌పోస్టు. పెళ్లిళ్లు, పురుళ్లు, జబ్బులు అన్నీ ఆ మధ్యలోనే. బిడ్డకు శాన్ ఆంటోనియోలో ఆపరేషన్ రాసిస్తే తల్లి వెంట వెళ్లలేక ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

నేనిక్కడ సైకియాట్రీ ప్రాక్టీసు చేస్తున్నాను. మనవాళ్లు చాలామందిలాగే, డాక్టర్లు కరువైన చోట మూడేళ్లు పనిచేస్తానని సంతకం పెట్టి వీసా మినహాయింపు మీద వచ్చి, గడువు తీరాక కూడా ఉండిపోయాను. మా క్లినిక్‌లో షుగరు, బీపీ చూసే గదుల పక్కనే మా గదులూ ఉంటాయి. డాక్టరేట్ చివర్లో ఏడాది ఇంటర్న్‌షిప్‌కి, ఆపైన లైసెన్సు కోసం చేయాల్సిన శిక్షణకి యువ సైకాలజిస్టులు ఇక్కడికి వస్తారు. వాళ్లలో ఇంటిపేరు గార్సియా అనో లోపెజ్ అనో ఉంటే చాలు, ఈ అమ్మాయికి అన్నీ వచ్చు అనుకుని స్పానిష్ మాట్లాడే పేషెంట్లందర్నీ ఆ అమ్మాయి గదికే పంపేస్తారు. ఈ అలవాటు నాకు బొత్తిగా మింగుడుపడదు.

ఒక కేసు చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. యాభై దాటినావిడ, గ్రేప్‌ఫ్రూట్ ప్యాకింగ్ షెడ్డులో పని. ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగరు దిగడం లేదు. డిప్రెషన్ ప్రశ్నాపత్రం స్పానిష్‌లోదే ఇచ్చారు. 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. ఆవిడకు వచ్చింది సున్నా. మామూలుగానైతే ఆ సున్నా కంప్యూటర్‌కెక్కి ఫైలు ముందుకు పోయేది. మా ఇంటర్న్ కాగితాన్ని పరీక్షగా చూసింది. ఒక్కో సున్నాకీ విడిగా గుర్తు పెట్టలేదు, పైనుంచి కిందికి నిలువుగా ఒకే గీత. చదవకుండా గీసిన గీత అది. ఈ కాగితం ఎవరి చేతికి పోతుందో తెలియని మనిషి గీసిన గీత.

ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టేసి, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, రాత్రుళ్లు మీ గదిలో ఎవరు పడుకుంటారు అని మొదలుపెట్టింది. చాలాసేపటికి అసలు సంగతి వచ్చింది. నదికి అవతల రెయ్‌నోసాలో చెల్లెలు పోయింది. మట్టి వేయడానికి వెళితే మళ్లీ ఇటు రావడం కుదరదు. వెళ్లలేదు. అప్పట్నుంచి నిద్ర లేదు, తిండి మీద మనసు లేదు.

ఇక అడగాల్సింది తొమ్మిదో ప్రశ్న, చావు ఆలోచనల గురించి. అక్కడ మా ఇంటర్న్ ఆగిపోయింది. ఇక్కడే పుట్టిన పిల్ల. స్పానిష్ అమ్మమ్మ ఒళ్లో నేర్చుకుంది, సైకాలజీ అంతా ఇంగ్లీషులో చదివింది. అమ్మమ్మ వయసు మనిషి ముందు చావు మాట ఎత్తడమే ఆ ఇంట్లో తప్పు. ఇంగ్లీషులో వందసార్లు అడిగిన ప్రశ్న స్పానిష్‌లో గొంతు దాటలేదు. మనకు ఇది కొత్తేమీ కాదు. మన ఆస్పత్రుల్లోనూ ఇంగ్లీషు పుస్తకాలు చదివిన కుర్ర డాక్టరు మంచం మీది పెద్దాయన్ని “బతకాలని లేదా?” అని అడగబోతే పక్కనున్న కోడలు, తథాస్తు దేవతలుంటారు బాబూ అని నోరు మూయిస్తుంది.

మాంటెర్రేలో చదివి వచ్చిన మా సీనియర్ సైకాలజిస్ట్ ఆ అమ్మాయిని ఖాళీ గదిలోకి తీసుకెళ్లింది. ఎదురుగా ఉన్న కుర్చీని ఆవిడే అనుకుని అడగమంది. గట్టిగా, స్పానిష్‌లో, “మీరు” అంటూ. మొదటిసారి మాట నలిగింది, తర్వాత మరీ పుస్తకంలా వచ్చింది. చివరికి లోపలికెళ్లి అడిగిన తీరు ఇది: “అమ్మా, మీరు ఒప్పుకుంటే ఒక కష్టమైన మాట అడుగుతాను. ఇంత దుఃఖంలో ఉన్నవాళ్లకి రాత్రి పడుకుంటే తెల్లారి లేవకపోతే బాగుండు అనిపిస్తుంటుంది. మీకెప్పుడైనా అలా అనిపించిందా?” ఆవిడ తలూపింది. ఇంట్లో ఉన్న ఇన్సులిన్ వైపు మనసు పోయిన రాత్రుల గురించి చెప్పింది. ఆ రోజే కూతుర్ని పిలిపించాం. ఇన్సులిన్ కూతురి దగ్గరుంచి పూటపూటకీ తనే ఇచ్చేలా ఏర్పాటు చేసి, ఆ వారమే మళ్లీ రమ్మన్నాం.

ఇంటిపేరు ఆ అమ్మాయికి ఈ విద్య ఇవ్వలేదు. పక్కన కూర్చుని నేర్పిన మనిషి ఇచ్చింది. చాలాచోట్ల అలాంటి మనిషి ఉండదు. స్పానిష్‌లో జరిగిన గంటసేపటి సంభాషణను శిక్షణలో ఉన్న పిల్ల ఇంగ్లీషులో పది వాక్యాలు చేసి చెబుతుంది. స్పానిష్ రాని సూపర్‌వైజర్ ఆ పది వాక్యాలనే దిద్దుతాడు. పేషెంటు గొంతు ఎక్కడ వణికిందో, పిల్ల ఏ మాట దాటేసిందో ఆయనకు తెలిసే దారి లేదు. పైగా పక్క డాక్టర్ల పేషెంట్లకు దుబాసీ పనీ ఈ అమ్మాయిదే. ఉత్తరాది రాష్ట్రం నుంచి వచ్చి పెద్దయ్యాక స్పానిష్ నేర్చుకున్న ఇంకో ఇంటర్న్‌కి మాత్రం అందరూ ఓపిగ్గా నేర్పారు. రాదని ముందే అనుకున్నారు కాబట్టి.

ఉత్తరాది నుంచి వచ్చిన ఆ ఇంటర్న్ ప్రొమోతొరాల వెంట కొలోనియాలకు వెళ్లేది. కొలోనియాలంటే ఊరి హద్దుల బయట, చాలావాటికి సరైన నీళ్లు, మురుగు వసతి లేకుండా పుట్టిన వాడలు. ప్రొమోతొరాలు మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు. వాళ్ల వెంట తిరిగితే, భయం పట్టుకున్న మనిషి మా దగ్గరికి రాకముందు ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడో తెలుస్తుంది. ఉదాహరణకు, 1907లో చనిపోయిన డాన్ పెద్రీతో హరమీయో అనే నాటువైద్యుడి సమాధికి ఇప్పటికీ మొక్కుకుంటారు. అది ఫాల్‌ఫూరియస్ దగ్గరే, చెక్‌పోస్టు దాటాక. కాగితాలు లేనివాళ్లకు ఆ మొక్కు తీర్చుకునే వీలూ లేదు.

పిల్లల చేత అనువాదం చేయించడం ఇంకో బాధ. పదకొండేళ్ల కుర్రాడు తల్లి పక్కన నిలబడి, వాళ్ల నాన్న కొట్టిన సంగతి ఇంగ్లీషులో చెప్పబోతుంటే ఆపి, బయట కూర్చోబెట్టిందీ ఒక ఇంటర్నే. అత్యవసరమైతే తప్ప మైనర్లను అలా వాడకూడదని 2016లో ఫెడరల్ నిబంధనే వచ్చింది. రద్దీ వేళ అది ఎవరికీ గుర్తుండదు.

ఈ మాటలు కొత్తవి కావు. స్పానిష్ మాట్లాడే పిల్లల తెలివిని ఇంగ్లీషు పరీక్షలతో కొలవడం అన్యాయమని విద్యావేత్త జార్జ్ సాంచెజ్ 1930లలోనే రాశాడు. ఎల్ పాసోలో పెరిగిన మార్తా బెర్నాల్ 1962లో సైకాలజీలో డాక్టరేట్ తీసుకుని, తనలాంటి వాళ్లు ఈ వృత్తిలోకి రావాలని జీవితాంతం పాటుపడింది. వచ్చినవాళ్లకి తర్ఫీదు ఎవరిస్తారన్నది ఇప్పటికీ తేలలేదు.

ఖాళీ కుర్చీ ముందు ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్న అమ్మాయి లైసెన్సు తీసుకుని మా దగ్గరే ఉండిపోయింది. హ్యూస్టన్ జీతాలు వదులుకుని ఇలా ఉండేవాళ్లు తక్కువ. ఇప్పుడు కొత్త ఇంటర్న్‌లతో కేసులు స్పానిష్‌లోనే చర్చిస్తుంది, లంచ్ టైములో, జీతం లేని గంటలో. ఆ గంటను డ్యూటీలో కలపమని ఈ ఏడు బడ్జెట్ మీటింగులో కూడా అడిగాను. కాగితం మీద రాసివ్వమన్నారు, రాసిచ్చాను.