కొండ దిగిన చక్రం

తిరుమల కొండ దిగినాక గుండు తడుముకుంటాం, లడ్డూ కవర్లు లెక్కపెట్టుకుంటాం. కారు చక్రాలను ఎవరు చూస్తారు? మేమూ చూడలేదు. మాడిన వాసనొస్తే చూశాం.

బెంగళూరు నుంచి మా బావ సెకండ్ హ్యాండ్ కారేసుకుని చిత్తూరొచ్చాడు. మెరిసే అల్లాయ్ వీల్స్, వాటి సందుల్లోంచి కనబడేలా ఎర్ర రంగు వేయించిన బ్రేక్ క్యాలిపర్లు. ఫోటోలకైతే అదిరిపోయింది. ఇద్దరం కొండకు పోయాం. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి పాత రోడ్డు. మలుపు మీద మలుపు. మొత్తం సుమారు 700 మీటర్ల ఎత్తు దిగాలి. టన్ను బరువున్న కారు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తితో 20 లీటర్ల క్యాన్ నీళ్ళు మరగబెట్టొచ్చు! సెకండ్ గేర్లో దిగితే అందులో కొంత ఇంజిన్ మోస్తుంది. పై గేర్లో బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడంతా డిస్కుల నెత్తినే. బావ చేసింది ఇదే. 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదన్న రూలుంది కదా, దానికీ బ్రేకే తొక్కాడు. ఏడో మైలు దగ్గర వాసనొస్తే ముందు పోయే బస్సుదిలే అనుకున్నాం.

అలిపిరిలో ఆగితే తెలిసింది, మాదే.

నీళ్ళు కొడదామని బావ బాటిల్ తీశాడు. నేను ఆపాను. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్ళు పడితే అది వంకర పోవచ్చు.

పొద్దున్నే రేణిగుంట రోడ్డులో ఒక వాటర్ సర్వీస్ షాపుకు పోయాం. అక్కడి పెద్ద మెకానిక్ కారు చుట్టూ ఒక రౌండు వేసి, ఎడమవైపు ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు.

"ఏం సామీ, ఇదొకటే ఇంత నల్లగుండాదే?"

"బ్రేక్ డస్టే కదన్నా, షాంపూ కొట్టేయండి" అన్నాడు బావ.

"కడిగితే పోతాది, మల్లా వస్తాది. మూడు చక్రాలు ఒక రంగు, ఇదొక రంగు. ఎందుకో చూడొద్దా?"

ఆ నల్లపొడి రోడ్డు దుమ్ము కాదు. అరిగిన ప్యాడ్ల పొడి, డిస్కు నుంచి రాలిన ఇనుప రజను. వేడి మీద చక్రం పైపూతకు అంటుకుని, తడి తగిలితే తుప్పు పడుతుంది. అందుకే మామూలు సబ్బుకు లొంగదు. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుముతో కలిసి ఊదారంగులో కారిపోతుంది. చూడ్డానికి భలే ఉంటుంది లెండి, కానీ అది ఆరిపోక ముందే కడిగేయాలి. యాసిడ్, ఇనుప పీచు వాడారో, మెరుపు గోవిందా. పొడిని గాలితో ఊదొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చక్రం విప్పాక అసలు సంగతి బయటపడింది. క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్ను గ్రీజు లేక బిగుసుకుపోయింది. బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును వదల్లేదు. లోపలి ప్యాడ్ రేకంత మిగిలింది. పైన చూస్తే ఎర్రటి రంగు, మట్టి కూడా తుడవకుండా దాని మీదే కొట్టేశారు.

పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు తొడుగులు మార్చి, రెండు ముందు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేశాడు. గ్రీజు చేతులతో డిస్కును మాత్రం తాకలేదు. క్యాలిపర్‌ను వైరు బ్రష్‌తో రుద్ది శుభ్రం చేశాడు. "రంగు కావాల్నా సామీ?" అనడిగాడు. బావ నా వైపు చూసి, "వద్దులేన్నా" అన్నాడు. వేయాలంటే వేడికి తట్టుకునే పెయింటు ఉంటుంది, రబ్బరుకు, పిన్నులకు టేపు చుట్టి వేయాలట. బయల్దేరే ముందు బ్రేకు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కించాడు.

పోయిన నెల మళ్ళీ కొండకు పోయాం. దిగేటప్పుడు మొత్తం సెకండ్ గేరే. ఇంజిన్ మూలుగుతుంటే బావకు మనసొప్పలేదు, అయినా మార్చలేదు. అలిపిరిలో కారాపి, లడ్డూల కంటే ముందు చక్రాలు చూశాడు. నాలుగూ వేలితో రాసి నాకు చూపించాడు.

"అన్నీ ఒకే బూడిద రంగు బావా" అన్నాను.