వాదీ రమ్‌లో తాడు లెక్క

జోర్డాన్‌లోని వాదీ రమ్ ఇసుకరాతి కొండలను బెదూయిన్ వేటగాళ్ళు కొండమేకల వెంట తాళ్ళు లేకుండానే ఎక్కేవారు. 1984లో టోనీ హోవర్డ్ బృందం వచ్చాకే ఆ దారులు బయటి ఆరోహకులకు విస్తృతంగా తెలిశాయి.

ఒక తాడు పొడవుకు అందని గోడను అంచెలంచెలుగా ఎక్కాలి. ప్రతి అంచెలోనూ ముందువాడు పైన తాడు బిగించి వెనుకవారిని రప్పించుకోవాలి. ఎంతమంది ఉంటే అంత ఆలస్యం. అందుకే మేము ఐదుగురం రెండు జట్లుగా విడిపోయాము. అందరిలో నెమ్మదైనవాని వేగంతోనే సమయం లెక్కగట్టాము. అతడు నా తమ్ముడే. ఆ మాట అతనికి నొచ్చింది. పన్నెండు గంటలకు ఎక్కడున్నా వెనుదిరగాలని నిశ్చయించుకున్నాము. ఎక్కడం కన్నా దిగడమే నాకు భయం. చీకటిలో తాడు కట్టే చోటు కనబడదు.

ఆ రాత్రి వాన కురిసింది. తడిసిన ఇసుకరాయి పట్టుకుంటే విరిగిపోతుంది. ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది, అందరూ నావైపు చూశారు. మారుమాటాడక మొదట తాడు చుట్టినవాడు తమ్ముడే.