తాళం తీసినా ఆగని కెమెరా

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి మగ్గాల పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో వేలాదిగా ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా వీధుల్లో నడుస్తుంటే పవర్‌లూమ్‌ల మోత మధ్య మన మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. మగ్గాల మీద తయారైన గుడ్డ నమూనాలను రింగ్ రోడ్డు మార్కెట్ల వ్యాపారులకు చూపించి ఆర్డర్లు తేవడం నా పని. అందుకే నా పగలంతా కారులోనే గడుస్తుంది.

మార్కెట్ల ముందు టెంపోలు, తోపుడు బండ్లు, ఆటోలు, గుడ్డ మూటలు మోసే హమాలీలు ఒకరినొకరు రాసుకుంటూ పోతుంటారు. ఎక్కడైనా బండ్లు తగిలితే గుంపు చేరుతుంది, గొంతు పెద్దగా ఉన్నవాడి మాట నెగ్గుతుంది. ఆ గొడవలు చూసి చూసి డ్యాష్ కెమెరా కొని అద్దానికి బిగించాను. దాని వైరు సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టాలి. నా కారులో తాళం తిప్పి తీస్తే ఆ సాకెట్‌కు కరెంటు ఆగిపోతుంది. దెబ్బ తగిలిన తర్వాత ఎవరైనా మొదట చేసేది ఇంజన్ ఆపి దిగడమే. అసలు వాదన మొదలయ్యే వేళకు కెమెరా కళ్లు మూసుకుంటుందన్నమాట.

బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగే కిట్లు దొరుకుతాయి. వోల్టేజీ బాగా పడిపోతే అవే కరెంటు ఆపేస్తాయి కాబట్టి కారు స్టార్టవదేమోనన్న భయం ఉండదు. కానీ వారంటీ ఉన్న బండిలో వైరింగ్ కదిలించడం నాకు ఇష్టం లేకపోయింది. ఉధ్నాలో కార్ల కరెంటు పని చేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ కాకా అంటారు. కెమెరాను పవర్‌బ్యాంకుతో నడపొచ్చా అని ఆయనను అడిగితే, సొరుగులోంచి వేలెడంత యూఎస్‌బీ మీటరు తీసి, పవర్‌బ్యాంకుకూ కెమెరాకూ మధ్య పెట్టారు. చిన్న తెర మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పైన 5 వోల్టులు, కింద 0.4 ఆంపియర్లు. అంటే 2 వాట్లు. "ఇది తినేది ఇంతే" అని నవ్వారు.

లెక్క కూడా ఆయనే చెప్పారు. 10,000 ఎంఏహెచ్ అని పెట్టె మీద రాసేది లోపలి సెల్లు వోల్టేజీకి, అంటే 3.7 వోల్టులకు. అది 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికి 30 వాట్ అవర్లు వచ్చినా 2 వాట్ల కెమెరా 15 గంటలు నడుస్తుంది. పగలంతా తిరిగేవాడికి చాలు. సన్నటి, పొడుగాటి వైరు వాడితే దారిలోనే వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగి ఆగి మొదలవుతుందని మందపాటి వైరు ఇచ్చారు.

2025లో ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి, ముందురోజు సాయంత్రం మా బావ, నేను మార్కెట్ నుంచి ఇంటికి వస్తున్నాం. ఆ రోజుల్లో సూరత్ ఆకాశమంతా గాలిపటాలే. స్కూటర్లవాళ్లు మెడకు పదునైన మాంజా దారం తగలకుండా హ్యాండిల్‌కు ఇనుప చువ్వ వంచి కట్టుకుంటారు. మా ముందు వెళ్తున్న కుర్రాడి బండికి అది లేదు. తెగిన మాంజా రోడ్డుకు అడ్డంగా జారింది. అతను చెయ్యి అడ్డం పెట్టి ఒక్కసారిగా బ్రేకు వేసి పడిపోయాడు. నేనూ బ్రేకు వేశాను. వెనక వస్తున్న టెంపో మా బంపర్‌ను గుద్దింది.

తాళం తీసి పరుగెత్తాను. కుర్రాడి రెండు వేళ్లు తెగి నెత్తురు కారుతోంది. బావ తన కండువాతో గట్టిగా కట్టాడు. ఎవరో హ్యాండిల్‌కు చుట్టుకున్న దారం విప్పి పక్కకు విసిరేశారు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా అది గాలిలో తేలుతూనే ఉంది, మనుషుల చర్మం కోస్తూనే ఉంది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంతలో టెంపో డ్రైవర్ వచ్చి, ఏ కారణం లేకుండా నేనే బండి ఆపానని అరవడం మొదలుపెట్టాడు. దారం లేదు, కుర్రాడు ఆటోలో ఆసుపత్రికి వెళ్లిపోయాడు, బండిని పక్కకు నెట్టేశారు. చూపించడానికి రోడ్డు మీద ఏమీ మిగల్లేదు.

"బావా, కెమెరా బందైందా?" అని అడిగాను.

"లేదు బామ్మర్దీ, ఎర్రలైటు వెలుగుతనే ఉంది" అన్నాడు.

సీటు కింద పవర్‌బ్యాంకు తన పని తాను చేస్తూనే ఉంది. దారం అడ్డం పడటం, కుర్రాడు పడటం, ఆ తర్వాత దారం విప్పి విసిరేయడం, టెంపో డ్రైవర్ మా కారు ముందు నిలబడి పక్కవాడితో "బ్రేకు పడటం ఆలస్యమైంది" అని హిందీలో అనడం, అన్నీ వరుసగా ఉన్నాయి. ఫోనులో చూపించగానే అతని గొంతు తగ్గింది. టెంపో యజమాని వచ్చి బంపర్ ఖర్చు ఇచ్చాడు. పోలీస్ స్టేషన్ దాకా పోలేదు. పోయుంటే ఆ మెమరీ కార్డు జాగ్రత్త చేయాల్సి వచ్చేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో వీడియో నకలుకు సర్టిఫికెట్ జత చేయాలి.

2025 మే నెలలో కాకా నన్ను పిలిచి ఒక వస్తువు చూపించారు. ఎవరో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన పవర్‌బ్యాంకు. పూరీలా ఉబ్బి, అంచు వెంట ప్లాస్టిక్ విచ్చుకుని, లోపలి వెండిరంగు పొర కనిపిస్తోంది. కాకా దాన్ని ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఉంచారు. మూసిన కారు ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం సెల్లు తట్టుకునే వేడి కాదది. మంచి కెమెరాల్లో బ్యాటరీ బదులు కెపాసిటర్ పెట్టేది కూడా అందుకే.

ఇంకో సంగతి. రాత్రి పార్కింగ్ కాపలాకు ఈ పద్ధతి పనికిరాదు. నిద్రలో ఉన్న కెమెరా తీసుకునే కరెంటు మరీ తక్కువ కాబట్టి, ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ఆ పనికి బ్యాటరీ నుంచి వైరు లాగే కిట్టే సరైనది.

రోజంతా రోడ్డు మీద ఉండే మన డ్రైవర్లకు నా మాట ఒక్కటే. బీఐఎస్ గుర్తున్న పవర్‌బ్యాంకు కొనండి. సీటు కింద నీడలో పెట్టండి. కారు ఎండలో నిలిపితే వెంట తీసుకుపోండి. తాళం తీసిన తర్వాతి పది నిమిషాలే మీ మాటకు సాక్ష్యం, వాటిని పోగొట్టుకోకండి.