కోతకు ముందు చల్లిన మినుములు

మార్చి ఆఖరుకి నా కాంట్రాక్టు అయిపోయింది. చివరి ఇన్వాయిస్ డబ్బు చేతికి రావడానికి నలభై అయిదు రోజులు. ఆ వారమే బందరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పదిహేను నుంచి వేట ఆపేస్తారు. గిలకలదిండిలో బోట్లు కట్టేస్తున్నారు." చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట బంద్.

ఆ తారీఖులు వినగానే ఉలిక్కిపడ్డాను. అమెరికాలో నాలాగా సొంతంగా పని చేసుకునేవాళ్లు ముందస్తు పన్ను కట్టే గడువులు ఏడాదికి నాలుగు. వాటిలో రెండు ఏప్రిల్ 15, జూన్ 15. రాబడి లేని రెండు నెలలకు ఆ చివరొక కిస్తీ, ఈ చివరొక కిస్తీ.

వేటకు వెళ్లేవాళ్లకు ఖాళీ ఎప్పుడొస్తుందో ముందే తెలుసు. ప్రభుత్వమిచ్చే నిషేధ భృతి కూడా 2025లో పది వేల నుంచి ఇరవై వేల రూపాయలైంది. అయినా దానితో రెండు నెలలు గడవవు. వలలు బాగుచేసుకుంటారు, రొయ్యల చెరువుల మీద పనికి పోతారు. చిలకలపూడి వైపు ఇళ్లలో ఆడవాళ్లు రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతుకుతారు. మా అమ్మా అతికింది. డజనుకింత అని లెక్క. సాయంత్రం వెలుతురు పోయేదాకా గుమ్మం దగ్గరే కూర్చునేది. ఆ డబ్బు కరెంటు బిల్లుకీ పాలకీ. నాన్న తెచ్చిన దాంట్లో దాన్ని ఎప్పుడూ కలపలేదు. నేనూ అంతే: చిన్న పనుల డబ్బు ఇంటి సరుకులకు. కాంట్రాక్టు డబ్బు వచ్చిన రోజే నూటికి ముప్ఫై పన్ను ఖాతాలోకి పోతుంది. సొంత పని చేసుకునేవాళ్లకు ఆదాయపు పన్ను కాక 15.3 శాతం విడిగా ఉంటుంది మరి. (హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఇలా పక్క పనులు చేయకూడదు. నేను గ్రీన్‌కార్డు వచ్చాకే మొదలుపెట్టాను.)

మొదటిసారి ఖాళీ వచ్చినప్పుడు, కాంట్రాక్టు అయిపోయాక చిన్న పనుల కోసం వెతికాను. ఒకటి దొరికేసరికి ఆరు వారాలు. ఇంట్లో గింజ లేని రైతు కళ్లంలోనే, షావుకారు చెప్పిన ధరకే అమ్ముకుంటాడు. నేనూ భయంతో తక్కువ రేటుకి ఒప్పుకుని ఏడాదంతా బాధపడ్డాను.

మా నాయనమ్మది నాగాయలంక. దివిసీమలో వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. పనలు ఎత్తేసరికి మొలక కనిపిస్తుంది. నేలలో మిగిలిన పదునూ రాత్రి కురిసే మంచూ తప్ప దానికి వేరే తడి లేదు. కోత అయ్యాక తీరిగ్గా చల్లుదామంటే ఆ పదును ఆరిపోతుంది. కోతమిషన్ల చక్రాల కింద మొలక నలుగుతోందని ఇప్పుడు పద్ధతి మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాయనమ్మ మాత్రం ఒడిలో గింజలు పోసుకుని, గట్టు మీద నిలబడి మనుషుల్ని తొందరపెట్టడం నాకు బాగా గుర్తు.

అందుకే ఇప్పుడు చేతినిండా పని ఉన్నప్పుడు కూడా శనివారం లెక్కల ట్యూషన్ మానను. ఆసుపత్రులకు ఫోన్లో తెలుగు దుబాసీ పని కూడా చేస్తాను. నిమిషానికింత ఇస్తారు. ఒకసారి అవతలి పెద్దావిడ మాటలో మా దివి యాస వినపడింది. ఊరు అడగకూడదు, పేరు పెట్టి పలకరించకూడదు. డాక్టరు మాట ఆవిడకీ, ఆవిడ మాట డాక్టరుకీ చెప్పి ఫోన్ పెట్టేశాను. కాసేపు ఇంకో కాల్ తీసుకోలేకపోయాను.

ఈసారి రెండు కాంట్రాక్టులకు అడిగారు. రేటు బాగాలేదు, వద్దన్నాను.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదిలాయని తమ్ముడు వీడియో పంపాడు. నేను రెండో కిస్తీ కట్టేశాను. కాంట్రాక్టు ఇంకా రాలేదు. శనివారం పదింటికి పిల్లలొస్తారు.