ఫ్రిజ్‌లో శీతాకాలం

ఎల్లారెడ్డిలో మా ఇంటి ఫ్రిజ్ కింది డబ్బాలో, టమాటలు ఉండాల్సిన చోట, రెండు చలికాలాలు మట్టి ఉంది. సరిగ్గా చెప్పాలంటే కొబ్బరి పొట్టు, అందులో ఒక చిన్న వేరుదుంప, రెంటినీ చుట్టిన పాలిథీన్ కవరు. "ఏందిరా, మన్ను తెచ్చి ఫ్రిజ్జుల వెడ్తున్నవ్? ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు?" అంది అమ్మ. దానికి చలి కావాలమ్మా అన్నాను. నా ఇంజనీరింగు మీద ఆమెకి మిగిలిన కాస్త నమ్మకం కూడా ఆ పూట పోయినట్టుంది.

దుంప పేరు హోస్టా. ఇంటికి ఉత్తరం పక్క, గోడకీ వేపచెట్టుకీ మధ్య పదడుగుల నీడ ఉంటుంది. నాన్న చేతక్ స్కూటర్ అక్కడే ఉండేది. 2022లో నాన్న పోయారు. ఏడాది దాటాక బండి అమ్మేశాం. సిమెంటు మీద నూనె మరక మిగిలింది. ఆ తర్వాత అమ్మ వంటింటి కిటికీ తెరవడం మానేసింది. అడిగితే దోమలు అంది.

అక్కడేదైనా చెట్టు పెడదామనుకున్నాను. గులాబీకి ఎండ కావాలి, మందారానికి ఎండ కావాలి, బంతికైతే చెప్పనే అక్కర్లేదు. అప్పుడు ఎడిసన్‌లో ఉద్యోగం మీద రెండేళ్ళు అద్దెకున్న ఇల్లు గుర్తొచ్చింది. న్యూజెర్సీలో ఎండ తగలని ప్రతి గోడ కిందా హోస్టాలే. నవంబరులో మంచు పడగానే ఆకులన్నీ కుళ్ళి నేలలో కలిసిపోతాయి. చచ్చిపోయిందనే అనుకుంటాం. ఏప్రిల్‌లో చుట్టచుట్టుకున్న ఊదారంగు మొనలు నేలని చీల్చుకొస్తాయి, రెండు వారాల్లో గుబురు. రాత్రిళ్ళు జింకలొచ్చి కాడల దాకా మేసిపోతే మళ్ళీ వేస్తుంది. ఆ మొండితనం నచ్చింది నాకు.

ఈ మొక్కలది తూర్పు ఆసియా: జపాన్, కొరియా, చైనా. జపాన్ నుంచి కొన్ని రకాలను సీబోల్డ్ అనే జర్మన్ డాక్టరు 1830 ప్రాంతంలో యూరప్ చేర్చాడు. పేరు మాత్రం అంతకు ముందే, 1812లో, హోస్ట్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త మీద పెట్టారు. ఇప్పుడు వీటిలో రకాలు వేలల్లో ఉన్నాయి. 1936లో కనెక్టికట్‌లోని ఒక నర్సరీలో, ఒకే తీరు మొక్కల వరసలో ఒక్కదానికి ఆకంచు పసుపు తిరిగి ఉండటం ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే ఆవిడ కంట పడింది. దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఆమె పేరుతోనే ఆ రకం ఇప్పటికీ అమ్ముతారు. అందరూ పూలు చూస్తుంటే ఆకంచు చూసేవాళ్ళు ఒకరుంటారు. మన సాహిత్యంలో 'పుష్పవిలాపం' ఉంది కానీ ఆకుల గోడు రాసినవాళ్ళు నాకు తగల్లేదు. ఇంటిపేరులో ఆకుకూర పెట్టుకున్న కవి మాత్రం ఉన్నాడు, చేమకూర వేంకటకవి. ఆయన సంగతికి మళ్ళీ వస్తాను.

రకం ఎంచుకోవడానికి ఎక్సెల్ షీటు వేశాను (నవ్వండి, పర్లేదు). మనసు 'హాల్సియన్' మీదే, నీలం ఆకులది. కానీ ఆ నీలం ఆకుది కాదు, ఆకు మీది మైనపు పూతది. ఎండకీ వేడికీ అది కరిగిపోతుంది, కింద మామూలు పచ్చదనం బయటపడుతుంది. కామారెడ్డి జిల్లా ఏప్రిల్‌కి అది ఒక వారం ఆగుతుందేమో. తెల్ల అంచు 'పేట్రియట్' ఇంకా సుకుమారం, తెలుపున్న చోట ఆకు తొందరగా మాడుతుంది. చివరికి 'రాయల్ స్టాండర్డ్' మిగిలింది. చైనా నుంచి వచ్చిన, వేడికి కాస్త ఓర్చుకునే ప్లాంటాజినియా వంశం. ఉత్త పచ్చ ఆకు, తెల్లటి వాసన పూలు. షీటులో అందం కాలమ్‌లో దీనికే అతి తక్కువ మార్కులు.

మొదట ఆన్‌లైన్‌లో గింజలు కొని మోసపోయాను. ప్యాకెట్ మీద ఎరుపు, నీలం ఆకుల బొమ్మలు. వచ్చింది గడ్డి. అసలు చారల హోస్టా గింజ వేస్తే తల్లి చారలు దాదాపు రావని, దుంప విడదీసి నాటుకోవాల్సిందేనని తర్వాత తెలిసింది. కొండ ప్రాంతపు నర్సరీ ఒకటి పట్టుకుని దుంప తెప్పించాను.

అసలు చిక్కు ఎండ కాదు, చలి. నీడ పెట్టొచ్చు, నీళ్ళు పోయొచ్చు. కానీ హోస్టా ఏటా కొన్ని వారాలు అయిదు డిగ్రీల లోపు చలిలో నిద్రపోవాలి. ఆ నిద్ర లేకపోతే వసంతంలో లేచే బలం ఉండదు, ఏడాదికేడాది చిన్నదైపోతుంది. మనకి డిసెంబరు రాత్రి పది దాకా దిగినా పగటికి మళ్ళీ ఎక్కుతుంది. అందుకే ఫ్రిజ్. వేడి ప్రాంతాల హోస్టా పిచ్చివాళ్ళు చేసే పనే ఇది.

2024 మార్చిలో నాలుగు ఆకులు వచ్చాయి. అమ్మ కిటికీ తెరిచి చూసింది. "పువ్వన్న పూస్తదా?"

"పూస్తుంది. కానీ ఆకు కోసమే పెంచుతారు."

"ఆకు కోసమైతే చామ లేదారా?"

ఉంది. బట్టలుతికిన నీళ్ళు పారే చోట, నాన్న ఎప్పుడో గుచ్చిన చామ, ఎవరూ పట్టించుకోకుండానే మోకాలెత్తు పెరుగుతోంది. నీడకి పెద్ద ఆకు, చారెడు నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోయే ఆకు. ఆ జారుడుకి కూడా మైనమే కారణం, హాల్సియన్ నీలానికి లాగే. పైగా చింతపండు వేసి వండితే దురద పోయి పులుసవుతుంది. వేంకటకవి ఇంటిపేరు ఊరికే పెట్టుకోలేదు. జపాన్‌లో హోస్టా లేత మొలకలు కూడా తింటారు, 'ఉరుయి' అంటారు అని చెప్పాను. "గట్లనా" అని మొదటిసారి దాన్ని గౌరవంగా చూసింది.

మే నెల నాటికి ఆకులంచులు మాడాయి. రెండో చలికాలం మళ్ళీ ఫ్రిజ్. 2025 మార్చిలో రెండే ఆకులు, మొదటివాటిలో సగం. జూన్‌లో వెళ్ళినప్పుడు మట్టి కెలికి చూస్తే దుంప మెత్తబడి, నీళ్ళు కారుతోంది. మట్టి కప్పేశాను. నిద్రపోతోందమ్మా అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు.

ఆగస్టు 27న వాన. నేను హైదరాబాద్‌లో. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, అమ్మ ఫోను కలవలేదు. 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట తెగుతుందేమోనని టీవీలో ఒకటే మాట. కట్ట నిలబడింది. మర్నాడు సాయంత్రం పక్కింటి వాళ్ళ ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది. కరెంటు లేదట, పెరట్లో మోకాల్లోతు నీళ్ళట. "నీ చెట్టు మంచిగనే ఉందిరా. కుండి లోపట మంచం మీద వెట్టిన."

తడి మట్టితో ఆ కుండీ ఎంత బరువుంటుందో నాకు తెలుసు. ఆమె మోకాళ్ళ సంగతీ తెలుసు. మంచిదమ్మా అన్నాను.

రోడ్డు తెరిచాక వెళ్తే చామ బురద పూసుకుని అక్కడే ఉంది. ఇంకో రెండు ఆకులు వేసింది కూడా. కుండీ మంచం మీదే ఉంది, కింద పాత చీర పరిచి.

డిసెంబరు మొదటి వారంలో ఫోన్ చేసింది. ఫ్రిజ్ కింది డబ్బా ఖాళీ చేసిందట. "గడ్డ నేనే తవ్వి కవర్ల పెట్టాల్నా, నువ్వస్తవా?"

నేనొస్తాను, నువ్వు ముట్టుకోకు అన్నాను. ఫోన్ పెట్టేసి ఆ నర్సరీకి మళ్ళీ ఆర్డరు పెట్టాను. రాయల్ స్టాండర్డే. శనివారం లోపు ఆఫీసుకి చేరాలి.