చార్జరు వద్దన్న బ్యాటరీ

రెండు నెలలు ఊరికే నిలబడ్డ మా తండా ట్రాలీ ఆటో టమాటాల వేళకు కదలలేదు. సరుకు చేవెళ్ల మార్కెట్‌కు చేరాలి. కొత్త బ్యాటరీ కొంటే విత్తనాలకు డబ్బుండదు. మొయినాబాద్‌లో ఆటోమేటిక్ చార్జరుకు తగిలిస్తే ఎర్రలైటు వెలిగింది. 'చచ్చింది' అన్నారు. 12 వోల్టుల బ్యాటరీ మరీ దిగిపోతే అలాంటి చార్జరు దాన్ని బ్యాటరీగానే గుర్తించదు.

మా కాకా ఒప్పుకోలేదు. ఉబ్బలేదని చూసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆరుబయట, పొయ్యికి దూరంగా పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు పెట్టాడు. తక్కువ కరెంటే ఎక్కించాడు. వేడెక్కుతుందేమోనని మేము వంతులవారీగా తాకి చూశాం. 10.5 వోల్టులు దాటాక మళ్లీ మొయినాబాద్ తీసుకెళితే, ఆ చార్జరే పట్టుకుంది.

మునుపటి బలం రాలేదు. కానీ టమాటాలు చేరాయి. బడిలో ఒక్క పరీక్షతోనే 'వీళ్లకు చదువు రాదు' అనిపించుకున్న మాకు ఆ ఎర్రలైటు కొత్త కాదు.