కెమెరా రూల్స్

డిసెంబర్ 5, 2025, శుక్రవారం

షాపూర్‌నగర్ బడి సంగతి ఇంకా చల్లారలేదు. బడి వదిలాక నర్సరీ పాపను ఆయా కొట్టిన ఆ వీడియో సీసీ కెమెరాది కాదు, పక్క బిల్డింగ్ నుంచి ఎవరో ఫోన్లో తీసింది. అది బయటికొచ్చాకే జీడిమెట్ల పోలీసుల దాకా వెళ్లింది. ఆ దెబ్బకి మా బడి కెమెరాల పాలసీ ఓసారి చూసిపెట్టమని ప్రిన్సిపాల్ మేడమ్ నాకు అప్పజెప్పారు. రెండు పేజీలు. కెమెరాలు ఎక్కడెక్కడ ఉండాలో ఉంది. ఎవరు చూడాలో లేదు.

డిసెంబర్ 8, సోమవారం

లంచ్‌లో ఆఫీసుకెళ్లి మానిటర్ చూశాను. మెట్ల దగ్గరి కెమెరాకు సాలెగూడు. తెర మీద టైము 40 నిమిషాలు వెనకుంది. రేపు పోలీసులొచ్చి అడిగితే బెల్లయ్యాక జరిగింది బెల్లుకు ముందు జరిగినట్టుంటుంది.

"కరెంటు పోయినప్పుడల్లా అట్లనే అయితది సార్," అన్నాడు అటెండర్.

పాలసీలో ఫుటేజీ 15 రోజులుంచాలని రాసుకున్నారు. మొన్న జులైలో సీబీఎస్‌ఈ అడిగిన కనీసం అదే. కానీ 2013లో ఉమ్మడి రాష్ట్రం చేసిన ప్రజా భద్రత చట్టం, వందమంది చేరే చోట 30 రోజులు దాచమంటోంది. కొట్టేసి 30 వేశాను.

డిసెంబర్ 10, బుధవారం

పేరెంట్స్ మీటింగ్. సగం మందికి క్లాసు లైవ్‌గా ఫోన్లో కావాలి.

"మేం డ్యూటీల ఉంటే పిల్ల ఎట్లుందో చూసుకోవద్దా సార్?" పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసే ఒక తండ్రి.

ఆ భయం కాదనలేం. కానీ ఆయన పాపతోపాటు క్లాసంతా ఆ ఫోన్లోకి వెళ్తుంది. లెక్క రాక బోర్డు దగ్గర ఏడ్చిన పిల్లాడి బొమ్మ ఎవరైనా వాట్సాప్ గ్రూపులో పెడితే? 2023 డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకొస్తే 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆయన అనుమతి ఇంకొకరి పిల్లకు చెల్లదు కదా. లైవ్ వద్దని రాశాను. ఫిర్యాదుంటే ప్రిన్సిపాల్ గదిలో, రిజిస్టర్లో సంతకం పెట్టి చూసుకోవచ్చు.

డిసెంబర్ 12, శుక్రవారం

30 రోజులకు సరిపడే పెద్ద హార్డ్‌డిస్క్‌కు కరస్పాండెంట్ గారు సరేనన్నారు. తెర చూసే మనిషికి మాత్రం బడ్జెట్ లేదట. అందుకే చివర్లో ఇంకో రూలు చేర్చాను: బడి వదిలాక, ఆఖరి పిల్ల వెళ్లేదాకా వరండాలో ఒక టీచరుండాలి. మొదటి వారం నా పేరే వేసుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో గొణుగుడు అప్పుడే మొదలైంది.